బెల్టు పట్టాలి.. నొక్కొద్దు!

ట్రెక్కింగ్‌కో, కొండ మీది గుడికో బయల్దేరుతుంటే బూట్లు ఎలాంటివి వేసుకోవాలి? సంచి ఎంత బరువుండాలి? నీళ్లు ఎన్ని పట్టుకెళ్లాలి? ఇలా ఎన్నో ఆలోచిస్తాం. మరి బెల్టు సంగతి? అల్మారాలో ఏది చేతికందితే అది చుట్టేసుకొని వెళ్లిపోతాం. నిజానికి ఎక్కుతున్నా, దిగుతున్నా, కూర్చున్నా రోజంతా పొట్టను అంటిపెట్టుకొని ఉండేది అదే. సరైనది కాకపోయినా, సరిగా పెట్టుకోకపోయినా తొడ తిమ్మిరి నుంచి ఛాతీమంట వరకూ రకరకాల ఇబ్బందులు తెచ్చిపెడుతుంది. గట్టిగా ఉంటూనే ఒంటిని నొప్పించని నేత పట్టీ బెల్టును ఎలా ఎంచుకోవాలో, ఎలా వాడుకోవాలో చూద్దాం.

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. అరుణాచలంలో గిరి ప్రదక్షిణ 14 కిలోమీటర్లు. వనజంగిలో మబ్బుల మీద సూర్యోదయం చూడాలంటే చీకటితోనే కొండెక్కాలి. ఇలాంటి చోట్లకు ఇప్పుడు పిల్లా పెద్దా కలిసి కుటుంబాలే తరలి వెళ్తున్నాయి. తిరిగొచ్చాక కాళ్లనొప్పులు మామూలే. కానీ కొందరికి తొడ బయటివైపున చీమలు పాకినట్టుగా ఉంటుంది. కొందరికి దారిలో తిన్న ఇడ్లీ గొంతులోకి ఎగదన్నుతున్నట్టు అనిపిస్తుంది. మరికొందరికి నడుం చుట్టూ ఎర్రటి గీత, దాని మీద ఒకటే దురద. అలవాటులేని నడక వల్లనో, ఎండ వల్లనో అనుకుంటాం. బెల్టు మీదికి అనుమానమే పోదు.

బెల్టు పని ఒక్కటే. ప్యాంటు జారకుండా పట్టి ఉంచటం. పొట్టను లోపలికి నెట్టటం దాని పని కాదు. బరువులు మోయటమూ కాదు. నడుంనొప్పిని తగ్గించటం అంతకన్నా కాదు. దాని పని కాని పనులు చేయించబోయినప్పుడే చిక్కులన్నీ మొదలవుతాయి.

నొక్కితే ఏమవుతుంది?

తొడ తిమ్మిరి: పొత్తికడుపుకు రెండు పక్కలా చేత్తో తడిమి చూడండి. ముందుకు పొడుచుకొచ్చినట్టుగా తుంటి ఎముక మొన తగులుతుంది. తొడ బయటివైపు చర్మానికి స్పర్శను అందించే నాడి సరిగ్గా దీని పక్క నుంచే, గజ్జల్లోని గట్టి తంతుపట్టీ కింది నుంచి తొడలోకి దిగుతుంది. బిగుతు బెల్టు ఇక్కడ నొక్కితే తొడ బయటివైపున తిమ్మిరి, మంట, సూదులు గుచ్చినట్టు అనిపించటం, మొద్దుబారటం వంటివి తలెత్తుతాయి. దీన్నే వైద్యులు మెరాల్జియా పారెస్థెటికా అంటారు. 1895లో దీనికి ఈ పేరు పెట్టింది రష్యా నాడీవైద్యుడు వ్లాదిమిర్ రోత్. నడుం పట్టీ బిగించి కట్టుకునే గుర్రపు రౌతుల్లో ఆయన దీన్ని గమనించారు. ఊబకాయం, గర్భధారణ, మధుమేహం కూడా దీనికి దోహదం చేస్తాయి. ఈ నాడి స్పర్శకు సంబంధించింది మాత్రమే. కాబట్టి కాలు బలహీనపడదు. చాలామందికి బెల్టు వదులు చేసుకోవటం, కాస్త బరువు తగ్గటంతోనే నెమ్మదిగా కుదురుకుంటుంది. ఒకవేళ కాలు పట్టు తప్పుతున్నా, నొప్పి నడుం నుంచి పాదం వరకూ పాకుతున్నా అది వేరే సమస్య. బెల్టు మీదికి తోసేయకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

ఛాతీమంట: అన్నవాహిక, జీర్ణాశయం కలిసే చోట కండర వలయం ఉంటుంది. లోపలికి వెళ్లిన ఆహారం, ఆమ్లం మళ్లీ పైకి రాకుండా మూసుకొని ఉంటుంది. పొట్టను బయటి నుంచి బిగించి కడితే లోపల ఒత్తిడి పెరిగి ఆమ్లం పైకి ఎగబాకుతుంది. గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ‘గట్‌’ వైద్యపత్రికలో ఇలాంటి అధ్యయనాన్నే ప్రచురించారు. ఛాతీమంట వంటి లక్షణాలేవీ లేనివారికి నడుం బెల్టు బిగించి పరీక్షించగా, అన్నవాహిక కింది భాగంలోకి ఆమ్లం ఎగదన్నటం కనిపించింది. ఇక కడుపు నిండా తిని, బెల్టు బిగించి, వెంటనే వంగుతూ లేస్తూ మెట్లెక్కితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. బెల్టు వదులు చేశాక తగ్గే పులితేన్పుల సంగతి సరే. కానీ మెట్లెక్కేటప్పుడు ఛాతీ పట్టేసినట్టు, బరువు పెట్టినట్టు అనిపించినా, నొప్పి చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా అది గుండెపోటు కావొచ్చు. గ్యాస్ అని సరిపెట్టుకోకుండా వెంటనే ఆగిపోయి 108కు ఫోన్ చేయాలి.

చర్మం మీద గీత: బెల్టు కింద చెమట ఆరదు. తడి చర్మం మీద పట్టీ రాసుకుంటూ ఉంటే ఒరుసుకుపోతుంది. అక్కడే ఫంగస్ చేరితే తామర పట్టుకుంటుంది. మందుల దుకాణంలో అడిగి స్టిరాయిడ్ కలిసిన మలాం తెచ్చి రాసుకుంటే దురద అప్పటికి తగ్గినట్టే తగ్గి, లోలోపల మరింత ముదురుతుంది. దురద, గుండ్రటి మచ్చలు ఉంటే చర్మ నిపుణులను సంప్రదించటమే మేలు.

బొడ్డు కింద దద్దు: ఇది పట్టీతో వచ్చేది కాదు, బకిల్‌తో వచ్చేది. చవక లోహపు బకిళ్లలో నికెల్ ఉంటుంది. చెమట తగిలితే ఇది కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. నికెల్ పడనివారికి సరిగ్గా బకిల్ తగిలే చోటే ఎర్రగా దద్దు లేచి, దురద పెట్టి, క్రమంగా చర్మం మందంగా, నల్లగా అవుతుంది. గిల్టు నగలు, చవక చెవిదిద్దులు పడనివారికి బకిల్ కూడా పడకపోవచ్చు. ఇలాంటివారు ప్లాస్టిక్ బకిల్ ఎంచుకోవటం, బనియన్‌ను ప్యాంటులోకి దోపుకోవటం మంచిది.

నేత పట్టీయే ఎందుకు?

ఎన్‌సీసీలో చేరినవారికి, స్కౌట్లకు ఈ బెల్టు కొత్తేమీ కాదు. సీటు బెల్టు, స్కూలు సంచి పట్టీ మాదిరిగా దగ్గర దగ్గరగా, దళసరిగా నేసిన పట్టీ. దుకాణాల్లో వెబ్బింగ్ బెల్టు, క్యాన్వాస్ బెల్టు, టాక్టికల్ బెల్టు అని రకరకాల పేర్లతో అమ్ముతుంటారు. ఆరుబయట తిరిగేవారికి తోలు బెల్టు కన్నా ఇది మేలనటానికి గట్టి కారణాలే ఉన్నాయి.

మొదటిది, దీనికి రంధ్రాలుండవు. తోలు బెల్టులో రంధ్రానికీ రంధ్రానికీ మధ్య సాధారణంగా ఒక అంగుళం దూరం ఉంటుంది. ఒకటి బిగుతు, ఇంకోటి వదులు అవుతుంటే మనం బిగుతు వైపే మొగ్గుతాం. నేత పట్టీనైతే సరిగ్గా కావాల్సిన చోట ఆపుకోవచ్చు. తిన్నాక అర అంగుళం వదలొచ్చు. దిగేటప్పుడు కాస్త సర్దుకోవచ్చు. ఆరోగ్యపరంగా చూస్తే దీని అసలు లాభం ఇదే.

రెండోది, తడిసినా పాడవదు. తోలు చెమటకు, వానకు ఉబ్బి, ఎండితే బిరుసెక్కుతుంది. బూజు పడుతుంది. నేత పట్టీని సబ్బుతో ఉతికి ఆరేసుకోవచ్చు. మూడోది మనకు బాగా పనికొచ్చేది. కొన్ని గుళ్లలోకి తోలు వస్తువులు తీసుకెళ్లనివ్వరు. గుట్ట కింద బెల్టు ఎక్కడ విప్పి పెట్టాలా అనే బెంగ ఉండదు.

ఏ నూలు మంచిది?

నైలాన్: మెత్తగా, జారుడుగా ఉంటుంది. రాపిడిని బాగా తట్టుకుంటుంది. రాళ్ల మీద కూర్చుంటూ, పొదల్లోంచి దూరుతూ నడిచేవారికి అనువైనది. అయితే కొంత తేమను పీల్చుకుంటుంది. మామూలు వాతావరణంలోనే తన బరువులో సుమారు 4 శాతం తేమను పట్టి ఉంచుతుంది. తడిస్తే కాస్త సాగుతుంది. వానలో ప్యాంటు జారుతున్నట్టు అనిపిస్తే కారణం ఇదే.

పాలిస్టర్: దీనికి తేమ పట్టేది 0.4 శాతమే. అంటే నైలాన్‌లో పదోవంతు. తడిసినా పెద్దగా సాగదు, త్వరగా ఆరుతుంది. ఎండను కూడా బాగా ఓర్చుకుంటుంది. ఇప్పటి కార్ల సీటు బెల్టులను సాధారణంగా దీంతోనే నేస్తారు. మన ఎండలకు, చెమటకు చాలామందికి సరిపోయేది ఇదే.

పాలీప్రొపిలీన్: చవక బెల్టులు, సంచి పట్టీల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. తేలిక, నీరు పట్టదు. కానీ రక్షణ రసాయనం కలపకపోతే ఎండకు త్వరగా పెళుసెక్కుతుంది. రాపిడికి పీచు లేస్తుంది. గుర్తుపట్టటం తేలికే. చిన్న ముక్కను నీళ్లలో వేసి, గాలి బుడగలు పోయేలా నొక్కి వదలండి. తేలితే పాలీప్రొపిలీన్. నైలాన్, పాలిస్టర్ మునుగుతాయి.

నూలు క్యాన్వాస్: చర్మానికి హాయిగా ఉంటుంది. కృత్రిమ దారాలు పడనివారికి మంచిదే. కాకపోతే చెమటను బాగా పీల్చుకొని చాలాసేపటికి గానీ ఆరదు. వానాకాలంలో బూజు పడుతుంది. ఊళ్లో సాయంత్రం నడకకైతే సరే, రెండు మూడు రోజుల ట్రెక్కింగ్‌కు అంత అనుకూలం కాదు.

దుకాణంలో నాలుగు పరీక్షలు

పేరును బట్టో రంగును బట్టో కొనేయొద్దు. చేతిలోకి తీసుకొని చూడండి.

* పట్టీని ఒక జానెడు పట్టుకొని అడ్డంగా నలపండి. తేలికగా మడతపడి తాడులా చుట్టుకుపోతే పక్కన పెట్టేయండి. నడుం మీదా అలాగే మెలిపడి చర్మంలోకి దిగబడుతుంది.
* నేత మీద బొటనవేలి గోరుతో గీరండి. దారాలు పక్కకు జరిగి సందు కనిపిస్తే వదులు నేత అని అర్థం.
* అంచును ముంజేతి లోపలివైపు నాలుగైదు సార్లు రుద్దుకోండి. అక్కడ గీరుకుంటే చెమట పట్టిన నడుం మీద ఇంకెంత గీరుకుంటుందో చూసుకోండి.
* బకిల్ దగ్గరి కుట్టును చూడండి. ఒకే వరుస కుట్టు కన్నా గళ్లలా, అడ్డంగా నిలువుగా వేసిన కుట్టు గట్టిది. కొసలు కరిగించి మూసి ఉండాలి, లేదా తొడుగు ఉండాలి. లేకపోతే పీచు లేస్తూనే ఉంటుంది.

వెడల్పు, పొడవు

ఒకే బిగువుతో కట్టినా సన్నటి తాడు కోసుకుపోతుంది, వెడల్పు పట్టీ అంతగా నొప్పించదు. ఎందుకంటే ఒత్తిడి ఎక్కువ మేర పరచుకుంటుంది. అలాగని ఎంత వెడల్పుంటే అంత మంచిదనుకోవద్దు. మరీ వెడల్పు, బిరుసు బెల్టు కూర్చున్నప్పుడు పైఅంచు పక్కటెముకల కింద, కిందిఅంచు తొడ మొదట్లో గుచ్చుకుంటుంది. ఆరుబయట వేసుకునే ప్యాంట్లకు సుమారు ఒకటిన్నర అంగుళాల (38 మి.మీ.) పట్టీ చాలామందికి సరిపోతుంది. పిల్లలకు, సన్నటి నడుం గలవారికి అంగుళం పావు (32 మి.మీ.) చాలు. కొనేముందు ప్యాంటు లూపుల ఎత్తు కొలుచుకోండి. లూపులో పట్టీ అటూ ఇటూ ఊగకూడదు, ఇరుక్కోనూ కూడదు.

పొడవు చూసేటప్పుడు చాలామంది ప్యాంటు సైజునే చెబుతారు. దానికి కనీసం రెండు అంగుళాలు కలుపుకోవాలి. బిగించాక చివర నాలుగైదు అంగుళాలు మిగిలితే చాలు. మరీ పొడవుగా వేలాడితే పొదలకు, మెట్ల పక్క కమ్మీలకు తగులుకుంటుంది. మిగిలిన కొసను లూపులో దోపుకోవటం మరచిపోవద్దు. బైకు మీద వెళ్లేటప్పుడు మరీ ముఖ్యం. చున్నీ, చీర కొంగు చక్రంలో చిక్కుకున్నట్టే వేలాడే పట్టీ కూడా చిక్కుకోవచ్చు.

బకిల్ ఏది?

పలక మీద పట్టీ రాసుకుంటూ ఆగే రకం సన్నగా ఉంటుంది, పొట్టకు గుచ్చుకోదు. వీపు సంచి మోసేవారికి ఇది హాయి. రెండు రింగుల బకిల్‌లో విరిగేందుకు ఏమీ ఉండదు, కానీ తడి నైలాన్ నెమ్మదిగా జారుతుంది. టక్కుమని నొక్కితే ఊడే ప్లాస్టిక్ బకిల్‌ను ఒంటి చేత్తో తీసుకోవచ్చు. కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకుపోయేవారికి, పిల్లలకు, పెద్ద వయసువారికి ఇదే నయం. కాకపోతే ఎండలో ఏళ్ల తరబడి వాడితే పెళుసెక్కి విరగొచ్చు. బరువైన లోహపు బకిల్ చూడటానికి దర్జాగా ఉన్నా, మోకాలు పైకెత్తి మెట్లెక్కేటప్పుడు పొత్తికడుపులో పొడుస్తుంది.

ఏది కొన్నా దుకాణంలోనే పెట్టుకొని పది గుంజిళ్లు తీయండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. పట్టీ జారినా, బకిల్ గుచ్చుకున్నా అక్కడే తెలిసిపోతుంది.

ఎలా పెట్టుకోవాలి?

రెండు చేతులూ నడుం మీద పెట్టుకొని నిలబడండి. బొటనవేళ్ల కింద తుంటి ఎముక పైఅంచు గట్టిగా తగులుతుంది. బెల్టుకు ఆసరా ఈ ఎముకే కావాలి, మెత్తటి పొట్ట కాదు. మన మగవారిలో చాలామంది ప్యాంటును పొట్ట కిందికి జార్చి, అక్కడ ఆగేందుకు బెల్టును బిగిస్తారు. అప్పుడు పట్టీ సరిగ్గా తొడ నాడి దిగే చోటే నొక్కుతుంది. పైనుంచి పొట్ట బరువు కూడా దాని మీదే వాలుతుంది.

బెల్టును నిలబడి కాదు, కూర్చొని సరిచూసుకోవాలి. కూర్చుంటే నడుం చుట్టుకొలత పెరుగుతుంది. నిలబడినప్పుడు సరిపోయింది కూర్చుంటే నొక్కుతుంది. మామూలుగా ఊపిరి వదిలి, కూర్చునే పట్టీ లోపలికి రెండు వేళ్లు పెట్టి చూడండి. ఇబ్బంది లేకుండా దూరాలి. తర్వాత లేచి ఒక్కో మోకాలు నడుం ఎత్తు వరకూ లేపండి. గొంతుక్కూర్చొని లేవండి. ప్యాంటు జారకుండా, ఎక్కడా గుచ్చుకోకుండా ఉంటే సరిగ్గా పెట్టుకున్నట్టే. రెండు వేళ్ల సందు ఇస్తే ప్యాంటు జారిపోతోందా? అయితే తప్పు బెల్టుది కాదు, ప్యాంటు సైజుది.

దారిలో ఫలహారం చేశాక ఒకసారి వదులు చేసుకోండి. వెంటనే ఎక్కటం మొదలుపెట్టకుండా కాసేపు ఆగండి. చెమటకో వానకో బాగా తడిస్తే ఆగిన చోట బెల్టు విప్పి, నడుం తుడుచుకొని పెట్టుకోండి. సాయంత్రం విప్పాక అద్దంలో చూసుకోండి. అరగంట దాటినా గీత పోలేదంటే మర్నాడు ఇంకాస్త వదులు కావాలని శరీరం చెబుతున్నట్టే.

మధుమేహంతో నాడులు దెబ్బతిన్నవారికి ఒత్తిడి, మంట సరిగా తెలియకపోవచ్చు. వీరు చూసుకోవటం మరీ అవసరం. గర్భిణులు పొట్ట మీద బెల్టు పెట్టుకోవద్దు, సాగే నడుంపట్టీ దుస్తులు వేసుకోవాలి. హెర్నియా ఉన్నవారు, ఇటీవల పొట్టకు ఆపరేషన్ అయినవారు బెల్టు, బరువుల విషయంలో సర్జన్‌ను అడిగాకే బయల్దేరాలి. హెర్నియాను బెల్టుతో అదిమి పెట్టి కొండెక్కటం ప్రమాదకరం.

ఆడవాళ్ల సంగతి?

చీర, సల్వార్ కట్టుకొని నడిచేవారికి బెల్టు ఉండదు గానీ దాని స్థానంలో నాడా ఉంటుంది. అది బెల్టు కన్నా సన్నం. చీర కుచ్చిళ్ల బరువంతా ఆ తాడు మీదే. ఏళ్ల తరబడి ఒకే చోట బిగించి కడితే నడుం చుట్టూ చర్మం నల్లబడి, గట్టిపడి, పుండు పడొచ్చు. చాలా అరుదుగానే అయినా మానని ఆ పుండు క్యాన్సర్‌గా మారిన సందర్భాలున్నాయి. మన దేశానికే చెందిన ఇద్దరు పెద్ద వయసు స్త్రీలలో ఇలా జరిగినట్టు మన వైద్యులు 2024లో ‘బీఎంజే కేస్ రిపోర్ట్స్’ పత్రికలో వివరించారు. భయపడాల్సిన పని లేదు, జాగ్రత్త పడితే చాలు. నాడాకు బదులు వెడల్పాటి మెత్తటి పట్టీ కుట్టించుకోవటం, కట్టే చోటును రోజూ కాస్త మారుస్తుండటం, ఇంట్లో ఉన్నప్పుడు వదులు దుస్తులు వేసుకోవటం మంచిది. నడుం మీద వారాల తరబడి మానని పుండు ఉంటే దాచుకోకుండా చూపించుకోవాలి. ఇంట్లో అమ్మమ్మలు, నానమ్మలు ఇలాంటివి చెప్పటానికి మొహమాట పడతారు. మీరే ఒకసారి అడగండి.

బరువు బెల్టుకు తగిలించొద్దు

నీళ్ల సీసా, ఫోను పౌచ్, టార్చి, చిన్న కత్తి.. అన్నీ బెల్టుకే తగిలించేస్తే చేతులు ఖాళీగా ఉంటాయి నిజమే. కానీ బరువు మోసేందుకు బెల్టును మరింత బిగించాల్సి వస్తుంది. ఒకవైపే లీటరు సీసా వేలాడితే నడక ఆ పక్కకు ఒరుగుతుంది. కాబట్టి బెల్టుకు తేలిక వస్తువులు ఒకటి రెండు మాత్రమే ఉండాలి. వెనక వెన్నుపూస మీద ఏదీ ఉండొద్దు. జారి వెల్లకిలా పడితే అదే వీపులో గుచ్చుకుంటుంది.

బరువుకు వీపు సంచి ఉంది. పెద్ద ట్రెక్కింగ్ సంచులకు నడుం దగ్గర మెత్తటి పట్టీ ఉంటుంది. అది తుంటి ఎముక అంచు మీద కూర్చుంటే బరువులో ఎక్కువ భాగం భుజాల నుంచి తుంటికి దిగుతుంది. ముందు ఆ పట్టీ బిగించి, తర్వాతే భుజాల పట్టీలు సర్దుకోవాలి. దాని కింద మళ్లీ ప్యాంటు బెల్టు బకిల్ ఉంటే రెండూ కలిసి ఒకే చోట నొక్కుతాయి. అందుకే బకిల్‌ను కాస్త పక్కకు, ఎముక మొన మీద పడకుండా జరుపుకోండి. సంచి మోస్తున్నంతసేపు బెల్టు తీసేసినా నష్టం లేదు. ఒక్క రోజు నడకకు సంచి మన బరువులో పదోవంతు, రాత్రి బసకు ఐదోవంతు దాటకుండా చూసుకోవాలన్నది ట్రెక్కింగ్ చేసేవారు పాటించే లెక్క.

ఈ పనులకు వాడొద్దు

కొండకు వేలాడటానికి: వెబ్బింగ్ ఎంత గట్టిదైనా ప్యాంటు బెల్టుకు తాడు కట్టి రాళ్లెక్కొద్దు. ఒకప్పుడు అమెరికాలో కొండలెక్కేవారు వెబ్బింగ్ పట్టీనే నడుం చుట్టూ నాలుగైదు చుట్లు చుట్టి, దానికి తాడు కట్టుకునేవారు. దాన్ని ‘స్వామి బెల్టు’ అనేవారు. జారి వేలాడితే బరువంతా నడుం మీదే పడి ఊపిరి తీసుకోవటం కష్టమయ్యేది. అందుకే తొడలకూ పట్టీలుండే హార్నెస్‌లు వచ్చాయి. 1970లో అన్నపూర్ణ శిఖరం దక్షిణ ముఖం ఎక్కిన బ్రిటన్ బృందం కోసం డాన్ విలన్స్ రూపొందించినది ఇలాంటిదే. పదమూడేళ్ల వయసులో 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ శిక్షణ తీసుకున్న భువనగిరి గుట్ట మీద కూడా ఎక్కాల్సింది హార్నెస్‌తో, శిక్షకుల సమక్షంలోనే.

పాము కాటుకు: అడవి దారిలో ఎవరినైనా పాము కరిస్తే మొదట చేయి వెళ్లేది బెల్టు మీదికే. కాటు పైన బిగించి కట్టొద్దు. రక్తసరఫరా ఆగి ఆ కాలో చెయ్యో దెబ్బతినే ముప్పుంది. ఉంగరాలు, పట్టీలు తీసేసి, కాలిని కదలనివ్వకుండా కర్ర ఆసరాగా వదులుగా కట్టి, నడిపించకుండా మోసుకుంటూ వీలైనంత త్వరగా ఆసుపత్రికి చేర్చాలి. గాయమై రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. చెయ్యి విరిగిందనిపిస్తే మాత్రం బెల్టును మెడ మీదుగా ఊయలలా వేసి చేతిని ఆనించొచ్చు.

నడుంనొప్పికి: ప్యాంటు బెల్టు బిగిస్తే నడుంకు బలం వస్తుందన్నది అపోహ. నొప్పికని విడిగా అమ్మే బెల్టులు కూడా దీర్ఘకాల నడుంనొప్పికి మామూలు చికిత్సగా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. డాక్టరు ప్రత్యేకించి సూచిస్తే తప్ప వాటిని వాడొద్దు. నడుంకు అసలు బెల్టు పొట్ట, వీపు కండరాలే. వాటిని వ్యాయామంతోనే బిగించుకోవాలి.

పిల్లల ఆటకు: రంధ్రాల్లేని పట్టీ ఎక్కడైనా బిగుసుకుంటుంది. మెడకు వేసుకొని ఆడితే ప్రాణం మీదికి రావొచ్చు. విప్పిన బెల్టును తలుపు గడియకు వేలాడదీయకుండా పిల్లలకు అందని చోట పెట్టాలి.

ఎలా చూసుకోవాలి?

చెమట ఉప్పు పేరుకుంటే పట్టీ బిరుసెక్కి ఒరుసుకుంటుంది. ప్రతి యాత్ర తర్వాత గోరువెచ్చటి నీళ్లు, మామూలు సబ్బుతో ఉతికి, నీడన గాలికి ఆరేయండి. బ్లీచింగ్ వద్దు. తామర ఉన్నవారి బెల్టు, లోదుస్తులు విడిగా ఉతకాలి. ఒకరి బెల్టు ఇంకొకరు వాడొద్దు. రంగు బాగా వెలసి గట్టిగా మారినా, అంచు దారాలు తెగినా, బకిల్‌కు చీలిక కనిపించినా కొత్తది కొనుక్కోవాల్సిందే.

చివరగా ఒక జాగ్రత్త. రంధ్రాల్లేకపోవటం నేత పట్టీకి లాభమే గానీ ఒక నష్టమూ ఉంది. తోలు బెల్టు ఒక రంధ్రం వెనక్కి జరిగితే పొట్ట పెరిగిందని వెంటనే తెలుస్తుంది. ఇందులో అది తెలియదు. రోజుకు ఇంతని నిశ్శబ్దంగా వదులవుతూ పోతుంది. ప్యాంటు సైజునూ నమ్మలేం. పొట్ట కింద కట్టేవారికి ఎన్నేళ్లయినా 34 అంగుళాలు అలాగే ఉంటుంది మరి. అందుకే నెలకోసారి కుట్టు టేపు తీయండి. చివరి పక్కటెముకకూ, తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక కొలవండి. మన దేశంలో మగవారికి 90 సెం.మీ., ఆడవారికి 80 సెం.మీ. చేరితే జాగ్రత్త పడాలి. మధుమేహం, అధిక రక్తపోటు, గుండెజబ్బుల ముప్పు అక్కడి నుంచి పెరుగుతూ వస్తుంది. ఆ అంకె తగ్గించటానికి బెల్టు బిగిస్తే లాభం లేదు. బెల్టు కాస్త వదులు చేసుకొని, రోజూ నడవాలి.